మస్తరులో లేని మనుషులు

(నెల్లూరులో ఒక గ్రంథాలయ సభలో రిటైరైన లెక్కల ఉపాధ్యాయుడొకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం ఇటు జరపండి నాయనా. ముప్పై మూడేళ్ళు బడిలో అరిచిన గొంతు, ఇప్పుడు వెనక బెంచీ దాకా పోదు.

ఆహ్వాన పత్రంలో నా పేరు ముందు చరిత్ర పరిశోధకులు అని వేశారు. అంత లేదు. నేను లెక్కల అయ్యోరిని. ఒక తీసివేత లెక్క తేలక చరిత్రలో పడ్డాను. ఆ లెక్క ఏందంటే, మా సైదాపురం వైపు ఒక మైకా గనిలో, నేను పుట్టకముందు, గోడ కూలి మనుషులు పోయారు. ఎందరు పోయారని ఊళ్ళో ఎవరినడిగినా ఏడుగురంటారు. నాకు దొరికిన మొదటి కాయితంలో ఇద్దరే ఉన్నారు. ఏడులో రెండు తీసేస్తే అయిదు. ఆ అయిదుగురూ ఎవరు? ఊరు పెంచి చెప్తోందా, కాయితం తగ్గించి రాసిందా? పన్నెండేళ్ళుగా దీని వెంటే తిరుగుతున్నాను. పింఛనంతా బస్సు టిక్కెట్లకే పోతోందని మా ఇంటావిడ అంటుంది. ఆ లెక్క మాత్రం తప్పు, సగమే పోతోంది. (నవ్వులు)

ముందే ఒక మాట. గని పేరు చెప్పను. యజమానుల పేరు చెప్పను. పోయినవాళ్ళ పేర్లు వాళ్ళ ఇళ్ళవాళ్ళు సరేనన్నాక చెప్పాల్సినవి, అందుకని అవీ ఇవాళ చెప్పను. ఎట్లా వెతికానో చెప్తాను. మీ ఊళ్ళోనూ ఇట్లాంటి లెక్కలు మిగిలి ఉంటాయి, పనికొస్తుంది.

ఇక్కడ పిల్లలున్నారు కాబట్టి మైకా సంగతి కొంచెం. గూడూరు నుంచి సంగం దాకా, సైదాపురం, రాపూరు, పొదలకూరు చుట్టుపక్కల నేలలో ఈ మైకా ఉంది. పుస్తకాల్లో అభ్రకం అంటారు. మా చిన్నప్పుడు కాకిబంగారం అని ఏరుకొచ్చి పలక మీద అద్దుకునేవాళ్ళం. కరెంటు పారదు, వేడికి చెడదు. పాత ఇస్త్రీపెట్టె విప్పితే తీగ చుట్టి ఉండే రేకు అదే. రేడియో వాల్వుల్లోకి, కెపాసిటర్లలోకి అదే. రెండో ప్రపంచ యుద్ధంలో దీనికి పట్టిన గిరాకీ ఇంతా అంతా కాదు. గూడూరులో కూర్చుని ఆడవాళ్ళు కత్తితో పొర తీసి పేర్చిన రేకు, మద్రాసు రేవులో ఓడెక్కి, ఏ విమానం రేడియోలోకి పోయిందో ఎవరికి తెలుసు.

గనిలో అది పలుగురాయి మధ్యన తీగలా పోతుంది. తీగ తిన్నగా పోదు. ఒకచోట మనిషంత లావెక్కుతుంది, రెండు గజాలు పోయేసరికి మాయమవుతుంది. అందుకని కనిపించిన వైపల్లా తవ్వుకుంటూ పోయేవాళ్ళు. చాలా గనులు గనులు కావు, గుంతలు. పైన మొరం, కింద రాయి, గోడలు నిట్టనిలువు. 1961లో వచ్చిన గనుల నిబంధనల్లో ఏముందంటే, మొరం, మెత్తనేల ఉన్నచోట గోడ వాలు 45 డిగ్రీలకు మించకూడదు, లేకుంటే ఒకటిన్నర మీటరుకు మించని ఎత్తులో మెట్లు మెట్లుగా కొట్టాలి. లెక్కల అయ్యోరిని కాబట్టి కోణం దగ్గర ఆగాను, ఏమనుకోవద్దు. 45 డిగ్రీలు వాలు ఇవ్వాలంటే గుంత ఎంత లోతు దిగితే పక్కకు అంత వెడల్పు ఉత్త మట్టి ఎత్తాలి. ఉత్త మట్టి ఎత్తినా కూలి ఇవ్వాల్సిందే, మైకా మాత్రం రాదు. ఆ ఉత్త మట్టి కూలి మిగుల్చుకోవడం కోసమే గోడలు నిలువుగా ఉండేవి. మా గుంత 1961కి ముందుది. అయితే మన్ను ఎప్పుడైనా మన్నే కదా.

సరే, కాయితం సంగతి. గనుల తనిఖీకి 1902 నుంచి కేంద్రంలో ఒక శాఖ ఉంది. దాని పెద్దాఫీసు ధన్‌బాద్‌లో. చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఏటేటా ఒక నివేదిక వేసేవాడు. దాంట్లో మనుషులు పోయిన ప్రమాదాల పట్టిక ఉంటుంది. తేదీ, గని, ఎందరు పోయారు, ఎట్లా పోయారు. అట్లాంటి సంపుటం ఒకటి చెన్నైలో ఒక లైబ్రరీలో నా చేతికొచ్చింది. పేజీ తిప్పితే పొడి రాలుతోంది. మా గని పేరు కనిపించేసరికి, నిజం చెప్తున్నా, ఒళ్ళు జలదరించింది. ఇద్దరు. పక్క గోడ కూలిపోయి. మే నెల. పోయినవాళ్ళ పేర్లు లేవు, ఆ పట్టికలో పేర్లు వెయ్యరు.

ఆ నివేదికల్లో ఇంకో వరస ఉంటుంది, అది చూడాలి మీరు. ప్రమాదానికి బాధ్యులెవరని లెక్క. పోయినవాడి తప్పు ఇన్ని, తోటి కూలి తప్పు ఇన్ని, కింది ఉద్యోగి తప్పు ఇన్ని, యాజమాన్యం తప్పు ఇన్ని. వీటికి తోడు మిస్‌ఎడ్వెంచర్ అని ఒక గడి. ఎవరి తప్పూ లేదు, అట్లా జరిగిపోయింది అని దాని అర్థం. అది చదివి మా ఊరొచ్చి ఒక ముసలాయన్ను అడిగాను, గోడ ఎందుకు కూలింది తాతా అని. ఆయన పైకి చూసి నుదుటి మీద వేలితో గీత గీశాడు. ధన్‌బాద్ దొర ఇంగ్లీషులో రాసిందీ, మా తాత వేలితో రాసిందీ ఒకటే మాట. ఆ రోజు నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు.

ఊరి కథ వేరేగా ఉంది. గనిలో మైకా పడటం లేదని యజమాని మనుషుల్ని బలి ఇప్పించాడనీ, మర్నాడు చేయంత మందాన మైకా పడిందనీ అంటారు. నవ్వకండి. మొదట నేనూ నవ్వి నోట్‌బుక్కు మూసేశాను, అది నేను చేసిన పెద్ద పొరపాటు. ఆ ఒక్క నవ్వుతో ఆ వీధిలో రెండేళ్ళు ఎవరూ నోరిప్పలేదు. తర్వాత తీరిగ్గా వింటే, బలి కథలో మూడు సంగతులు ఎవరు చెప్పినా మారలేదు. రాత్రి వాన పడింది. పొద్దున్నే దిగమన్నారు. దిగమంటే ఒకాయన దిగనన్నాడు. బలి సంగతి పక్కన పెట్టండి. వాన నీళ్ళు తాగిన మొరం గోడ కింద తెల్లారే మనుషుల్ని దించారు అన్నది కథలోనే ఉంది. విచారణలో సాక్షి చెప్పాల్సిన మాట కథలో దాక్కుని వచ్చింది.

అక్కడ నాకు లెక్క అడ్డం తిరిగింది. వాన అన్నారు, కాయితంలో మే నెల. నెల్లూరు జిల్లాలో మేలో వాన యాడుంది? మనకు వాన అంటే ఈశాన్య రుతుపవనం, ఆశ్వయుజం, కార్తీకం.

అప్పుడు తిథి పట్టుకున్నాను. మనవాళ్ళకు తేదీలు గుర్తుండవు, తిథి గుర్తుంటుంది. తద్దినం పెట్టే ఇంట్లో అడిగితే నెల, పక్షం, తిథి వెంటనే చెప్తారు. ఏ సంవత్సరమంటే నీళ్ళు నములుతారు. ఒకోసారి అరవై పేర్లలో ఒకటి చెప్తారు, అదీ జాగ్రత్తగా పట్టాలి. ఆనంద అంటే 1974-75 కావచ్చు, అరవై వెనక్కి పోతే 1914-15 కావచ్చు. తద్దినాలు లేని ఇళ్ళలో పెద్దల పండక్కి ఎవరెవరికి పెడతారని అడగాలి. సంవత్సరం తేల్చుకోవడానికి మేకులు కావాలి. మన జిల్లాలో మేకులకు కొదవ లేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, 1953. దివిసీమ ఉప్పెన, 1977. కరణాలు, మునసబులు పోయిన ఏడు, 1984. కావలి గాలివాన, 1989. దూబగుంట ఆడవాళ్ళు సారా అంగళ్ళ మీదికి పోయిన రోజులు. దీనికి ముందా, తర్వాతా? అప్పటికి నీ పెద్ద కూతురు పుట్టిందా? పెంచలకోన తిరణాలకు ముందా? ఇట్లా అటొక మేకు ఇటొక మేకు కొట్టుకుంటూ వస్తే మధ్యలో ఒకటి రెండేళ్ళు మిగులుతాయి.

మా ముసలాయన, అదే నుదుట గీత గీసిన తాత, ఒకరోజు తనంతట తనే అన్నాడు. “అయ్యోరా, రాష్ట్రం వచ్చినేడో దాని మర్నేడో గానీ, కార్తీకం అబ్బయ్యా. ఎండాకాలంలో పోయినోళ్ళు వేరే. వాళ్ళిద్దరూ ముందు.” పన్నెండేళ్ళలో నేను విన్న వాక్యాల్లో విలువైంది ఇదే. రెండు ప్రమాదాలు! అదే గుంతలో, ఒకటి ఎండాకాలం, ఒకటి వానాకాలం. ఊరు రెంటినీ కలిపి ఒకే కూడిక వేసుకుంది. కాయితమూ అబద్ధం చెప్పలేదు, ఊరూ అబద్ధం చెప్పలేదు. అడిగిన నేనే ఒక్కటే ప్రమాదం అనుకుని అడిగాను.

మరి కార్తీకం కాయితం ఎక్కడ? ఇక్కడ మన జిల్లా కష్టం చూడండి. 1953 అక్టోబరు 1 దాకా మనం మద్రాసులో ఉన్నాం. తర్వాత కర్నూలు. 1956 నుంచి హైదరాబాదు. 2014 తర్వాత అమరావతి. 2022లో గూడూరు పోయి తిరుపతి జిల్లాలో కలిసింది. కాయితాలు కొన్ని చెన్నైలో ఎగ్మూరు దస్త్రాల ఆఫీసులో, కొన్ని హైదరాబాదులో తార్నాక దస్త్రాల ఆఫీసులో, గనుల శాఖవి ధన్‌బాద్‌లో. మన మనుషుల కంటే మన దస్త్రాలే ఎక్కువ ఊళ్ళు తిరిగాయి. ఊళ్ళో చావుల రిజిస్టరు మునసబు దగ్గర ఉండేది, శవపంచనామా కూడా ఆయన ముందే జరిగేది. 1984లో ఆ ఉద్యోగాలు పోయాయి. రిజిస్టర్లు కొన్ని తాలూకాఫీసుకు చేరాయి, కొన్ని అటక మీదే ఉండిపోయాయి, కొన్ని చెదల పాలు. సమాచార హక్కు కింద అర్జీలు పెట్టాను. ఇరవై ఏళ్ళు దాటిన సంగతులకు ఆ చట్టంలో మినహాయింపులు చాలామటుకు వర్తించవు, ఎనిమిదో సెక్షన్‌లో మూడో భాగం చూసుకోండి. అయినా దస్త్రమే లేదంటే చట్టం ఏం చేస్తుంది?

నాకు దొరికింది ఆఫీసుల్లో కాదు, ఒక ట్రంకుపెట్టెలో. పోయిన ఒకాయన కూతురు పొదలకూరు దగ్గర ఉందని తెలిసి పోయాను. మూడుసార్లు పోయినా ఆమె గనుల మాటే ఎత్తనివ్వలేదు. నాలుగోసారి మజ్జిగిచ్చి, లోపలికి పోయి, చీర మడతల్లోంచి ఒక కాయితం తెచ్చింది. “ఇది మా నాయనది” అంది. ఆమెకు చదువు రాదు. ఆయన ఫోటో లేదు, ఇంట్లో ఆయన గుర్తు అదొక్కటే, అందుకని అమ్మ ఇస్తే దాచుకుంది. అది నష్టపరిహారం ఉత్తర్వు. 1923 చట్టం కింద కూలి చనిపోతే యజమాని సొమ్మును తిన్నగా ఇంటివాళ్ళకు ఇవ్వడానికి లేదు, కమిషనరు దగ్గర కట్టాల్సి ఉండేది. ఆయన విచారించి ఆధారపడ్డ వాళ్ళకు పంచేవాడు. అందుకే ఆ ఉత్తర్వుల్లో మిగతా ఏ కాయితంలోనూ లేనివి ఉంటాయి. మనిషి పేరు, వయసు, నెలకు ఎంత సంపాదించేవాడు, భార్య పేరు, పిల్లల వయసులు. ఆ కాయితంలో ఈమె కూడా ఉంది, మైనరు కూతురు అని. చదివి చెప్పాను. “నన్ను గూడా రాసినారా?” అంది. డెబ్బై దగ్గర పడిన మనిషి.

ఆ ఉత్తర్వు కింద ఇంకో రెండు కేసుల నంబర్లు కలిపి ఉన్నాయి. దాన్ని పట్టుకుని మిగతా రెండు కుటుంబాలు దొరికాయి. ఇంగ్లీషులో పెంచలయ్య ఎన్ని రకాలుగా మారతాడో ఆ వెతుకులాటలో చూశాను, పెంచిలియా, పెంచులయ్య, ఒకచోట పెన్సలయ్య. మన వైపు ఊరికి పదిమంది పెంచలయ్యలు. ఇంటిపేరు లేకుంటే ఎవరు ఎవరో తేలదు.

మే ఇద్దరు, కార్తీకం ముగ్గురు. అయిదు. ఇంకా రెండు.

ఆ ఇద్దరూ మస్తరులో, అదే హాజరు పట్టీలో, లేరు. గుంతలోంచి మట్టి తట్టలు మోసే పనికి యానాది సంఘం నుంచి, అంటే యానాదుల వాడ నుంచి, మొగుడూ పెళ్ళాలను పిలిచేవాళ్ళు, రోజు కూలికి. మస్తరులో పేరు లేదంటే ఆ రోజు పనికి రానట్టు. పనికి రానివాడు పనిలో చావడు. కాబట్టి పంచనామా లేదు, పరిహారం లేదు, పట్టికలో అంకె లేదు. ఊరి లెక్కలో మాత్రం ఉన్నారు. అందుకే నేను ఇప్పుడు అంకె తేడా వస్తే మొదట ఊరి అంకెనే నమ్ముతాను. అది ఎక్కువైనా సరే. ఆ సంఘం ఇప్పుడు అక్కడ లేదు, చెరువు కిందికి మారిపోయింది. అక్కడ ఒకామె చెప్పింది ఇంతే. “మా జేజి వాళ్ళ చెల్లెలూ, ఆమె మొగుడూ. పేరు జేజికే తెలుసు.” జేజి పోయి ఇరవై ఏళ్ళు. మా జాబితాలో ఆ రెండు వరసలూ పేరు లేకుండానే ఉన్నాయి.

జమీన్ రైతు లాంటి మన పత్రికల పాత సంచికలు కూడా తిరగేయండి. ఒక హెచ్చరిక. పాత వార్తల్లో యజమాని పేరు బిరుదులతో సహా ఉంటుంది, పోయినవాళ్ళు ‘కొందరు కూలీలు’. పత్రిక తేదీ ఇస్తుంది, మనుషుల్ని ఇవ్వదు.

దగ్గి దగ్గి పోయినవాళ్ళ సంగతి చెప్పకుండా కూర్చోలేను. పలుగురాయి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. ఇది మైకా గనుల్లోనే కాదు, మార్కాపురం పలకల దగ్గరా, చీమకుర్తి గ్రానైటు దగ్గరా, రాతిపొడి లేచే ప్రతిచోటా ఉన్న జబ్బు. గని పని మానేసిన పదేళ్ళకు, ఇరవై ఏళ్ళకు కూడా బయటపడుతుంది. టీబీ లాగే ఉంటుంది, టీబీ అనే రాస్తారు. గోడ కూలితే ఊరంతా పరిగెత్తుకొస్తుంది. దీనికి ఎవరొస్తారు? కలిచేడులో మైకా కార్మికుల సంక్షేమనిధి ఆస్పత్రి ఉండేది. 1946 చట్టంతో ఎగుమతుల మీద సుంకం వేసి పెట్టిన నిధి అది. అక్కడి పాత చీటీలు మీ ఇళ్ళలో ఎవరి దగ్గరున్నా పారెయ్యొద్దు. ఊపిరితిత్తుల ఎక్స్‌రే ఫిల్ము ఉంటే ఇంకా మంచిది. మా ఊళ్ళో ఒకాయన దాంతో సూర్యగ్రహణం చూశాడు. (నవ్వులు) నవ్వొచ్చేదే. అది ఆయన తండ్రి ఎక్స్‌రే.

పాత సంగతులే ఎందుకు తవ్వుతావు అని నన్ను అడుగుతుంటారు. 2025 ఆగస్టు 3న బల్లికురవ దగ్గర గ్రానైటు క్వారీలో రాళ్ళు మీద పడి ఆరుగురు పోయారు. 2022 దాకా మన ప్రకాశం జిల్లా, ప్రమాదం నాటికి బాపట్ల. ఆరుగురూ ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. పత్రికల్లో పెద్దగానే వచ్చింది, పేర్లూ వచ్చాయి. కానీ నేను భయపడేది యాభై ఏళ్ళ తర్వాత సంగతి. నా లెక్క తేలింది ఊళ్ళో తాత ఉన్నాడు కాబట్టి, పొదలకూరులో కూతురు ఉంది కాబట్టి. వీళ్ళ తాతలూ కూతుళ్ళూ ఒడిశాలో ఉంటారు. కథ ఒరియాలో ఉంటుంది, గుంత ఇక్కడ ఉంటుంది. ఆ పక్క ఊళ్ళ అయ్యవార్లకు ఇప్పటికే చెప్పాను, ఆ రోజు పేపర్లన్నీ కత్తిరించి పెట్టండి, శవాలను ఎత్తినవాళ్ళతో ఇప్పుడే మాట్లాడండి, ఒడిశా ఊళ్ళ పేర్లు ఒరియా అక్షరాల్లోనే రాయించుకోండి అని. తెలుగులో రాస్తే వాళ్ళూ పెంచిలియాలే అవుతారు.

మాట్లాడించేవాళ్ళకు రెండు ముక్కలు. సెల్‌ఫోను బయటికి తీసి రికార్డు చేస్తామని మొదటి రోజే అనొద్దు. ఇంకోటి, మీరు కూర్చోగానే ఇంటివాళ్ళు అడిగేది ఒక్కటే, “దీనికేమన్నా డబ్బులొస్తాయా సార్?” రావు అని అప్పుడే చెప్పండి. ఆ మాట రెండో గంటలో చెబుదామని నీళ్ళు నమిలితే, మొదటి గంటలో వాళ్ళు చెప్పిందంతా డబ్బుల కోసం చెప్పిన మాటవుతుంది. ఒకింట్లో నేను తొందరగా చెప్పలేకపోయాను. ఆ ఇంటికి మళ్ళీ పోలేదు.

పోయినవాళ్ళకు కట్టే స్తూపం సంగతి కార్యదర్శి గారు చెప్పమన్నారు. గుంత దగ్గర కడదామని మేమనుకున్నాం. ఇళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. అక్కడికి మేం రాము, మా బిడ్డల్ని రానివ్వం అన్నారు. పైగా పాత గుట్టలన్నీ ఇప్పుడు తెల్లరాయి కోసం తవ్వుతున్నారు, ఇవాళ ఉన్న గట్టు రేపుండదు. బస్సు ఆగే చోట చెట్టు కింద పెట్టమన్నారు, పనికి పొయ్యేవాళ్ళు అక్కడే నిలబడేవాళ్ళంట. రాతి మీద ఏం చెక్కించాలన్న దాని మీద ఏడాదిగా తగువు. కొందరు ‘అమరులు’ అని వెయ్యమంటారు. ట్రంకుపెట్టె కూతురు వద్దంది. “మా నాయన కూలికి పొయ్యినాడు. యుద్ధానికి పోలేదు” అంది. నా ఓటు ఆమెకే. ఇంకో తగువు, పేర్లు లేని ఆ రెండు వరసల్లో ఏం రాయాలి? ‘యానాది దంపతులు’ అని రాస్తే కులం పేరే పేరయిపోతుందని సంఘం కుర్రాళ్ళు అన్నారు, అది నిజమే. ఖాళీ వదిలేస్తే చెక్కేవాడి పొరపాటనుకుంటారు. ఇంకా తేలలేదు. రాయి వచ్చి మా ఇంటి వరండాలో పడుంది, మనవడు దాని మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటున్నాడు.

నేనివాళ వచ్చింది నిజానికి అడుక్కోవడానికి. మీలో గూడూరు, రాపూరు, సైదాపురం, పొదలకూరు వైపు వాళ్ళుంటే, మీ ఇళ్ళలో గనుల్లో మేస్త్రీలుగా, గుమాస్తాలుగా చేసిన పెద్దవాళ్ళుంటే, అటక మీద పాత మస్తరు పుస్తకాలు, కూలి చీటీలు, డైరీలు ఏమన్నా ఉంటే, తూకానికి వెయ్యకముందు నాకు ఫోను చెయ్యండి. పుస్తకం తీసుకుపోను, మీ వసారాలోనే కూర్చుని ఫోటో తీసుకుని పోతాను. మునసబు గారి మనవలెవరన్నా ఉన్నా సరే, తప్పొప్పులు అడగడానికి రాను. 1953, 54 కార్తీకం పేజీలు చాలు. అందులో ఎవరన్నా పెన్సిలుతో పక్కన రాసుకున్న పేర్లు, తట్టలు మోసినవాళ్ళవి, రెండు. భోజనం ఏర్పాటు చెయ్యొద్దు, నాకు షుగరు. మజ్జిగిస్తే తాగుతాను.